బ్రౌజర్‌కూ ఒక దిట్టం

చుక్క ఉండాల్సిన చోట గీత ఉంది. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఫిర్యాదు మీద తిరుమల పోలీసులు కేసు పెట్టిన నకిలీ వెబ్‌సైటుకూ, అప్పటి అసలు వెబ్‌సైటుకూ పైకి కనిపించే తేడా ఇంచుమించు అంతే. అసలు చిరునామాలో ‘తిరుపతిబాలాజీ’ తర్వాత చుక్క, ‘ఏపీ’ తర్వాత చుక్క, ‘గవ్’ తర్వాత చుక్క, చివర ‘ఇన్’. దొంగ చిరునామాలో మొదటి రెండు చుక్కలు గీతలయ్యాయి, చివర ‘ఆర్గ్’ వచ్చి కూచుంది. అప్పటికి టీటీడీ కేసులు పెట్టించిన నకిలీ సైట్లలో అది 41వది.

మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజున తిరుపతి బస్టాండు పక్కన ఏ నెట్ సెంటర్ ముందు నిలబడినా ఈ చుక్కల గొడవ వినబడుతుంది. ‘ఏమన్నా, ఇది అసలుదేనా?’ అని ఫోను చాపేవాళ్లు ఒకరు. ‘పైన అడ్రస్ చూడన్నా, చుక్కుండాదా గీతుండాదా?’ అనేవాళ్లు ఇంకొకరు. బెత్తెడు వెడల్పు కూడా లేని తెర మీద ఆ అడ్రసు సగమే కనిపిస్తుంది. పేజీని కాస్త పైకి తోస్తే ఆ సగమూ మాయమవుతుంది. అడ్రసు ఎంత చూపాలి, ఎప్పుడు దాచాలి, పక్కన తాళం బొమ్మ పెట్టాలా వద్దా అన్నవి దేవస్థానమో పోలీసులో తేల్చే విషయాలు కావు. బ్రౌజర్ తయారుచేసినవాళ్లు ఎక్కడో కూర్చుని ముందే తేల్చేసి ఉంటారు.

బ్రౌజర్‌ను మనం కిటికీ అనుకుంటాం. కిటికీ ఏదీ వినదు, ఎవరికీ చెప్పదు. బ్రౌజర్ చేసేది దుబాసీ పని. అవతలి సర్వర్ భాష మనకు చదివి వినిపిస్తుంది, మన మాట అటు చేరవేస్తుంది. పాస్‌వర్డు, ఆధార్ నంబరు, బ్యాంకు ఓటీపీ అన్నీ దాని చెవిన పడ్డాకే గమ్యం చేరతాయి. రాయలసీమ పల్లెల్లో చాలా ఇళ్లకు ఫోనే మొదటి కంప్యూటరు, ఫోనే చివరి కంప్యూటరు. అక్కడ ఈ దుబాసీ ఏం వింటున్నాడో, ఎవరి చెవిన వేస్తున్నాడో తెలుసుకునే వీలు ఉండాలా వద్దా? మొబైల్ బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను బహిరంగం చేయాలన్న వాదన అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

పోటులో ఉన్న పాఠం

సోర్స్ కోడ్ అంటే ఏమిటో తిరుపతి వాళ్లకు చెప్పడం తేలిక. శ్రీవారి పోటులో, అంటే ఆలయ వంటశాలలో, దాన్ని దిట్టం అంటారు. లడ్డూలో ఏ సరుకు ఎంత పడాలో రాసిపెట్టిన కొలత అది. 2001లో సవరించిన దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు ఆవునెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు. మొత్తం 803 కిలోలు. ఈ లెక్క రహస్యం కాదు, పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది. అయినా ఎవరూ తిరుపతి లడ్డూ అని బోర్డు పెట్టి అమ్ముకోలేరు. 2009లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆ పేరుకు కాపలా కాస్తోంది.

కోడ్ తెరిస్తే వ్యాపారం పోతుందని భయపడే కంపెనీలకు జవాబు ఇక్కడే ఉంది. దిట్టం అందరిదీ కావచ్చు, పేరు మాత్రం చేసినవాళ్లదే. ఫైర్‌ఫాక్స్ విషయంలో జరిగింది ఇదే. దాని కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు గానీ, మార్చినదానికి ఫైర్‌ఫాక్స్ అని పేరు పెట్టాలంటే మోజిల్లా ఒప్పుకోవాలి. ఆ పేచీ వల్లే డెబియన్ లినక్స్ వాళ్లు 2006 నుంచి పదేళ్లపాటు అదే బ్రౌజర్‌ను ‘ఐస్‌వీజల్’ అన్న మారుపేరుతో ఇచ్చారు. 2016లో రాజీ కుదిరింది.

స్వదేశీ అంటే సరిపోతుందా?

ఈ చర్చ ఇప్పుడు ఎందుకంటే, మన ప్రభుత్వమే బ్రౌజర్ రంగంలోకి దిగింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2023 ఆగస్టులో భారతీయ వెబ్ బ్రౌజర్ తయారీ పోటీ ప్రకటించింది. ప్రైజు మొత్తం 3.41 కోట్ల రూపాయలు. 2025 మార్చిలో ఫలితాలు వచ్చాయి. జోహో బృందానికి మొదటి బహుమతిగా కోటి రూపాయలు, పింగ్ బృందానికి 75 లక్షలు, అజ్ఞ బృందానికి 50 లక్షలు దక్కాయి. జోహో చెన్నై కంపెనీయే అయినా మనకు మరీ దూరపు చుట్టం కాదు. తిరుపతి పొలిమేరలోని రేణిగుంటలో దానికి కార్యాలయం ఉంది. 2023లో అది తెచ్చిన బ్రౌజర్ పేరు ‘ఉలా’. తమిళంలో ఊరేగింపు, విహారం అని అర్థం. తమిళనాడు సరిహద్దులో పెరిగిన చిత్తూరు జిల్లా వాళ్లకు ఆ మాట కొత్త కాదు.

దేశీయ కంపెనీ గెలవడం సంతోషమే. అయితే ‘స్వదేశీ బ్రౌజర్’ అన్న మాట వినగానే చప్పట్లు కొట్టే ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ఉలాకు పునాది క్రోమియం. గూగుల్ 2008లో బహిరంగపరిచిన కోడ్ అది. ఆ తలుపు తెరిచి ఉండబట్టే చెన్నైలో అయినా రేణిగుంటలో అయినా మనవాళ్లు సొంత బ్రౌజర్ కట్టుకోగలుగుతున్నారు. తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్లు వెనక గడియ వేసుకోవడం న్యాయం కాదు.

రెండోది ఇంకా బరువైనది. ఆ పోటీలో పెట్టిన ముఖ్య షరతుల్లో ఒకటి, భారత ప్రభుత్వ సర్టిఫికెట్ల నియంత్రణాధికారి అయిన సీసీఏ మూల సర్టిఫికెట్ బ్రౌజర్ నమ్మకాల జాబితాలో ఉండాలని. ‘ఇది నిజంగా టీటీడీ సైటే’ అని బ్రౌజర్‌కు పూచీ పడేవి ఈ సర్టిఫికెట్లే. మన మూల సర్టిఫికెట్‌ను విదేశీ బ్రౌజర్లు పూర్తిగా నమ్మకపోవడానికి ఒక చరిత్ర ఉంది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్, యాహూ చిరునామాల పేరుతో అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. గూగుల్ దాన్ని పట్టుకుంది. సీసీఏ ఆ విభాగం అధికారాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత క్రోమ్ భారత సర్టిఫికెట్లను కొద్దిపాటి చిరునామాలకే పరిమితం చేసింది.

మన దేశపు సర్టిఫికెట్‌ను మన బ్రౌజర్ నమ్మాలనుకోవడం తప్పు కాదు, అది సార్వభౌమత్వానికి సంబంధించిన కోరికే. కానీ నమ్మకాల జాబితా చేతిలో ఉన్నవాడు తలచుకుంటే ఏ సైటుకైనా మారువేషం వేయగలడు. 2014లో పొరపాటున జరిగినా కావాలని జరిగినా, పట్టుకున్నది బయటివాళ్లే. రేపు మన సొంత జాబితాతో మన సొంత బ్రౌజర్ వస్తే, అందులో ఏ సర్టిఫికెట్లున్నాయో, దేన్ని ఎందుకు చేర్చారో ఎవరైనా చూసుకోగలగాలి. మోజిల్లా ఏ సర్టిఫికెట్‌ను చేర్చినా, తీసేసినా దాని మీద చర్చ బహిరంగంగానే నడుస్తుంది. ఆ పద్ధతి లేని స్వదేశీ వల్ల మారేది తాళంచెవి ఉన్న జేబు మాత్రమే.

తెలుగు అక్షరం చెప్పిన సాక్ష్యం

కోడ్ తెరిచి ఉంటే మామూలు మనిషికి ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు తెలుగు భాష అనుభవం కన్నా మంచి జవాబు లేదు.

2000ల మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికది ఒక్కో సొంత ఫాంటు, ఒక్కో సొంత సంకేతాల పట్టిక. సైటు తెరవగానే ఫాంటు దానంతటదే దిగే ఏర్పాటు ఎక్కువగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే కుదిరేది. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వచ్చేవి. ఆ వార్తను వెతకడానికి కుదరదు, కాపీ చేసి దాచుకోవడానికీ కుదరదు. అప్పుడు ఒక తెలుగు ప్రోగ్రామరు ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే పొడిగింపు రాశాడు. ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంటు సంకేతాలను అది చదివే క్షణంలోనే యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. పత్రికల అనుమతి కోసం గానీ, బ్రౌజర్ కంపెనీ దయ కోసం గానీ ఆగాల్సిన పని పడలేదు. బ్రౌజర్ లోపలికి దారి ఉంది, అతను వెళ్లి పని చేసుకొచ్చాడు. పద్మ కోడ్ కూడా బహిరంగమే కావడంతో తర్వాత ఇతర భారతీయ లిపులకూ అది పాకింది.

కంప్యూటర్లో జరిగిన ఆ పని ఫోన్లో జరగలేదు. 2010 ప్రాంతంలో చిన్న ఫోన్లలో తెలుగు చదవాలనుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏ తెలుగు పేజీ తెరిచినా వరసగా డబ్బాలే. అప్పుడొక చిట్కా చేతులు మారింది. ఓపెరా మినీ అడ్రసు పెట్టెలో ‘ఓపెరా’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ‘కాన్ఫిగ్’ అని రాస్తే ఒక దాపుడు పేజీ వచ్చేది. దాని అట్టడుగున, సంక్లిష్ట లిపులకు బొమ్మ అక్షరాలు వాడాలా అన్న ప్రశ్న పక్కన ‘నో’ తీసి ‘ఎస్’ పెడితే డబ్బాలన్నీ తెలుగయ్యేవి. ఎంతోమందికి ఫోన్లో మొదటిసారి తెలుగు కనిపించింది అలాగే.

దాని వెనక జరిగేది మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. మనం అడిగిన పేజీ ముందు ఓపెరా వాళ్ల సర్వర్‌కు వెళ్లేది. అక్కడ తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి ఫోనుకు పంపేవారు. అంటే తెలుగు చదవాలంటే మన చదువంతా మూడో మనిషి ఇంటి మీదుగా పోవాలి. అది మేలే చేసింది, కాదనలేం. కానీ ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూసే వీలు లేదు, అక్షరం తప్పు పడితే దిద్దే వీలూ లేదు. పద్మ విషయంలో మనం పని చేసుకున్నాం. ఇక్కడ ఇచ్చింది పుచ్చుకున్నాం.

మూడో సాక్ష్యం ప్రపంచమంతా చూసింది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’ అది. మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు చేరిన ‘జ్ఞా’ సందేశంలో వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. తెలుగు అక్షరం రాయడం రానివాళ్లు కూడా దాన్ని కాపీ చేసి స్నేహితుల ఫోన్ల మీదికి విసిరి ఆటలాడారు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

ఆ కొద్ది రోజుల్లో జరిగిన ఒక సంగతి మన చర్చకు ముఖ్యం. మోజిల్లాలో పనిచేసే ఒక ఇంజనీరు ఈ పగులు ఎక్కడుందో కనిపెట్టాలని కూర్చున్నాడు. అక్షరాలను పేర్చే ఆపిల్ కోడ్ మూసి ఉంది. అందుకని తలుపు బయటినుంచి తట్టి చూసినట్టు, ఒక్కో అక్షర సమూహాన్ని దానికి పంపుతూ ఏది కూలుస్తుందో, ఏది కూల్చదో రాసుకున్నాడు. తెలుగులోనే కాక బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కలయికలు ఉన్నాయని తేల్చాడు. అయినా అది ఊహే. లోపలి కారణం లోపలివాళ్లకే తెలుసు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఐఫోన్ సఫారీ బ్రౌజర్‌కు గుండెకాయ అయిన వెబ్‌కిట్ 2005 నుంచి బహిరంగ కోడే. దాని కింద అక్షరాలు పేర్చే పొర మాత్రం మూసి ఉంది. ఇంటి తలుపు తెరిచి వంటింటికి తాళం వేసినట్టు.

‘లక్ష్మి’లో రెండో అక్షరం మన కంటికి ఒక్కటే. ఫోను లెక్కలో అది ఆరు ముక్కలు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఆరింటినీ కలిపి ఒత్తుకింద ఒత్తు పేర్చడం సామాన్యమైన పని కాదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్‌లలో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే బహిరంగ కోడ్. అందులో భారతీయ లిపుల కోసం రాసిన భాగాన్ని తిరుపతిలోని ఇంజనీరింగు విద్యార్థి ఈ సాయంత్రమే తెరిచి చదువుకోవచ్చు. తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. తెలుగు లిపి తెలియని ఇంజనీరు ఎంత గొప్పవాడైనా, ఆ తప్పు అతని కంట పడే అవకాశం తక్కువ. తప్పు కనిపించే కన్నూ, దిద్దగలిగే చెయ్యీ ఒక మనిషివే అయ్యే వీలు బహిరంగ కోడ్‌లోనే ఉంది.

తెరిచాక నడిచిన దారి

బ్రౌజర్ కోడ్ తెరవడం కొత్త ప్రయోగం కాదు. మైక్రోసాఫ్ట్ దెబ్బకు తల్లడిల్లిన నెట్‌స్కేప్ 1998 మార్చి 31న తన కోడ్‌ను బయటపెట్టింది. ఆ బూడిదలోంచి మోజిల్లా లేచింది, 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. అటు యూరప్‌లో కేడీఈ స్వచ్ఛంద బృందం రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్‌ను ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్‌గా మలిచింది. నోకియా దాన్ని తన ఎస్60 ఫోన్లకు తెచ్చి, 2006లో ఆ మొబైల్ బ్రౌజర్ కోడ్‌ను కూడా బయటపెట్టింది. 2008లో ఆండ్రాయిడ్, క్రోమ్ రెండూ వెబ్‌కిట్ మీదే మొదలయ్యాయి. ఐఫోన్ కోసం విడిగా ఉంచుకున్న క్రోమ్ కోడ్‌ను గూగుల్ 2017 జనవరిలో బహిరంగ కోడ్‌లో కలిపేసింది. ఈ రోజు మన జేబుల్లో ఉన్న పెద్ద బ్రౌజర్లన్నిటికీ మూలపురుషుడు ఎవరో ఒకరు తెరిచి పెట్టిన కోడే.

పల్లెకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. మోజిల్లా 2013లో ఫైర్‌ఫాక్స్ ఓఎస్ పేరుతో చవక ఫోన్ల వ్యవస్థ తెచ్చింది. మన దేశంలో 2014లో ఇంటెక్స్ ఆ ఫోనును 1,999 రూపాయలకు అమ్మింది. అది నిలబడలేదు. మోజిల్లా చేతులెత్తేసింది. కోడ్ మూసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. తెరిచి ఉండటంతో కైఓఎస్ అనే సంస్థ దాన్ని అందుకుంది. 2017లో రిలయన్స్ తెచ్చిన జియోఫోన్ దాని మీదే నడిచింది. 1,500 రూపాయల డిపాజిట్టుతో వచ్చిన ఆ మీటల ఫోను కోట్ల చేతుల్లోకి వెళ్లింది. మదనపల్లె టమాటా రైతు, పలమనేరు పాల వ్యాపారి మొదటిసారి ఇంటర్నెట్ చూసిన ఫోను అదే అయితే, వాళ్లు చూసింది మోజిల్లా వదిలేసిన కోడ్ కళ్లతోనే. చేసినవాళ్లు వదిలేసినా బతికే గుణం బహిరంగ కోడ్‌కు ఉంది.

మూసిన కోడ్ కథ మరోలా నడిచింది. ఒక దశలో మన దేశపు ఫోన్లలో అత్యధికులు వాడిన బ్రౌజర్ చైనా కంపెనీ యూసీ బ్రౌజర్. కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు 2015లో దాన్ని విప్పి చూశారు. ఆంగ్ల రూపంలో మనం వెతికే మాటలు ఏ రక్షణా లేకుండా బయటికి పోతున్నాయని, చైనా రూపంలో ఫోను, సిమ్ గుర్తింపు సంఖ్యలు కూడా అలాగే పోతున్నాయని తేల్చారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజర్ ఒకటి. నిషేధం రాజకీయ నిర్ణయం, ఒక్క సంతకంతో అయిపోతుంది. ఆ ఐదేళ్లలో మన చదువు, మన వెతుకులాట ఎవరెవరి చేతుల్లో పడ్డాయన్న లెక్క మాత్రం తిరిగి రాలేదు. దిట్టం తెలిసి ఉంటే ఆ లెక్క ముందే తేలేది.

దిట్టం ఉన్నా నెయ్యి చూడాలి

ఇంత చెప్పాక, కోడ్ తెరిస్తే అన్నీ చక్కబడతాయని అనడం అబద్ధమవుతుంది. మూడు చిక్కులున్నాయి.

మొదటిది, కోడ్ తెరిచినా పెత్తనం ఒకరి చేతిలోనే ఉండవచ్చు. క్రోమియం అందరిదీ. దాని దిశ మాత్రం గూగుల్‌ది. ప్రకటనలు అడ్డుకునే పాత తరహా పొడిగింపులను క్రోమ్ 2024 నుంచి ఆపేస్తూ పోతే, దాని మీద కట్టుకున్న బ్రౌజర్లన్నీ అటో ఇటో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్లేస్టోర్‌తో పాటు క్రోమ్‌ను కూడా తప్పనిసరి చేయడం లాంటి పద్ధతుల మీదే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కోడ్ బహిరంగమైనంత మాత్రాన మార్కెట్ బహిరంగం కాదు.

రెండోది, రాసిన కోడ్ ఒకటి, ఫోనులోకి దిగేది ఇంకొకటి కావచ్చు. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి మీద వివాదం రేగినప్పుడు, దిట్టంలో నెయ్యి ఎన్ని కిలోలో ఎవరూ అడగలేదు. పడిన నెయ్యి ఎలాంటిదన్నదే ప్రశ్న. దానికి జవాబు కాగితంలో దొరకదు, పరీక్షలో తేలాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి పరీక్ష ఉంది. బయటపెట్టిన కోడ్‌ను ఎవరు తయారుచేసినా, కంపెనీ ఇచ్చిన యాప్‌తో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. టోర్ బ్రౌజర్ బృందం ఈ క్రమశిక్షణ పాటిస్తోంది. ఇది లేకపోతే ‘మాది ఓపెన్ సోర్స్’ అన్న మాట గోడ మీద అంటించిన దిట్టం లాంటిదే.

మూడోది అన్నిటికన్నా మామూలు చిక్కు, మనుషులు. కివీ బ్రౌజర్ సంగతే చూడండి. ఫోన్లో కూడా కంప్యూటర్లో మాదిరి పొడిగింపులు పెట్టుకోనిచ్చే బ్రౌజర్‌గా 2018లో వచ్చి పేరు తెచ్చుకుంది. 2020 ఏప్రిల్‌లో దాని తయారీదారు కోడ్ మొత్తం బయటపెట్టాడు. వేలమంది మెచ్చుకున్నారు. కానీ క్రోమియం కోడ్ నాలుగు వారాలకోసారి మారిపోతుంటే దాని వెంట పరుగెత్తడం ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. 2025 జనవరిలో కివీ ఆగిపోయింది. పొడిగింపుల కోడ్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌కు చేరిందని చెప్పి అతను సెలవు తీసుకున్నాడు. అంటే పని వృథా పోలేదు. కానీ భద్రతా లోపాలు దిద్దేవాళ్లు లేని బ్రౌజర్‌ను కోడ్ తెరిచి ఉందన్న తృప్తితో వాడలేం. జియోఫోన్‌లోనూ అదే జరిగింది. దాని బ్రౌజర్‌లోని మోజిల్లా కోడ్ 2016 నాటిది, ఏళ్లతరబడి అక్కడే ఉండిపోయింది.

కోడ్ బయటపడితే దొంగలకు దారి చూపినట్టే కదా అనే అభ్యంతరం ఒకటి తరచూ వినిపిస్తుంది. దొంగలకు దారి మూసిన కోడ్‌లోనూ దొరుకుతుంది, ‘జ్ఞా’ను విసిరినవాళ్లకు ఆపిల్ కోడ్ తెలియదు. లోపం కనబడ్డాక ఎంత తొందరగా, ఎంతమంది చేతులతో దిద్దగలం అన్నదే అసలు తేడా.

పోటు పక్కనే ప్రయోగశాల

ప్రభుత్వం చేయగలిగినవి మూడున్నాయి. ప్రజల డబ్బుతో ప్రైజు గానీ, ఒప్పందం గానీ పొందే బ్రౌజర్‌కు పూర్తి కోడ్ బహిరంగపరచడం షరతు కావాలి. సర్టిఫికెట్ల జాబితా, దాని మార్పుల చరిత్ర అందులో భాగం కావాలి. విడుదల చేసే యాప్ ఆ కోడ్ నుంచే వచ్చిందని బయటివాళ్లు పరీక్షించే వీలుండాలి. ప్రైజు ఒక్కసారి ఇచ్చి మరిచిపోకుండా నిర్వహణకు ఏటా డబ్బు కేటాయించాలి. గుడి కట్టించడంతో పని అయిపోదు, నిత్య దీపారాధనకు మాన్యం రాసివ్వాలని మన పెద్దలకు తెలుసు.

రాష్ట్రం చేయాల్సింది ఇంకొకటి ఉంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తగ్గిస్తే మంచిదే. కానీ పౌరసేవకు ఒక విదేశీ కంపెనీ మూసిన యాప్ ఏకైక గుమ్మం కాకూడదు. అవే సేవలు ఏ బ్రౌజర్‌లోనైనా, పాత ఫోన్లోనైనా, తెలుగులో సాఫీగా నడవాలి. గుమ్మం మార్చుకునే స్వేచ్ఛ పౌరుడికి ఉన్నప్పుడే బహిరంగ బ్రౌజర్‌కు విలువ.

ఇక ఈ జిల్లాలు చేయగలిగింది. పాత చిత్తూరు జిల్లా 2022లో విడిపోయినా, చదువుల సంపద చుట్టుపక్కలే ఉంది. ఏర్పేడు దగ్గర తిరుపతి ఐఐటీ, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలు. మూడు రాష్ట్రాల సరిహద్దులో, తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం. దక్షిణాది లిపులు మొబైల్ బ్రౌజర్లలో ఎలా నడుస్తున్నాయో నిరంతరం పరీక్షించే ప్రయోగశాలకు ఇంతకన్నా తగిన చోటు ఎక్కడుంది? అక్కడ ఒకరు భాష చూస్తారు, ఒకరు కోడ్ చూస్తారు. ‘క్ష్మి’ మీద ఒక్కసారి వెనక్కి నొక్కితే ఎంత చెరగాలి, ‘శ్రీ’ అని వెతికితే పేజీలో అన్ని శ్రీలూ దొరుకుతున్నాయా, పొడవైన తెలుగు మాటను బ్రౌజర్ ఎక్కడ విరుస్తోంది, సగం అడ్రసు చూపే తెరలో గీతకూ చుక్కకూ తేడా ముసలి కళ్లకు ఆనుతోందా? ఇవి చిన్నవిగా కనిపించే పెద్ద ప్రశ్నలు. వీటికి జవాబులు అమెరికాలోని ఆఫీసులో పుట్టవు. ఏటా ప్రాజెక్టు పేరుతో నెట్‌లోంచి దించి, బైండు చేసి, అటకెక్కించే పనిలో నాలుగో వంతు ఇటు మళ్లినా చాలు.

పోటులో వండేవాళ్ల మీద అనుమానంతో ఎవరూ దిట్టం రాయలేదు. వండేవాళ్లు మారుతుంటారు, అధికారులు మారుతుంటారు, సరుకు తెచ్చే కాంట్రాక్టర్లు మారుతుంటారు. ఎవరు మారినా లడ్డూ మారకూడదనుకున్నవాళ్లు కొలత రాసిపెట్టారు, తేడా వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఆ కొలతే ఆధారమైంది. జోహో ఈ రోజు మంచి సంస్థే కావచ్చు, గూగుల్ రేపు బుద్ధి తెచ్చుకోవచ్చు, ప్రభుత్వం ఎల్లుండి మారవచ్చు. నెట్ సెంటర్ ముందు ఫోను చాపి ‘ఇది అసలుదేనా?’ అని అడిగే పెద్దాయనకు ఇవాళ మనం సైటు గురించి జవాబు చెప్పగలుగుతున్నాం, చుక్కలు లెక్కపెట్టి. ఆయన చేతిలోని బ్రౌజర్ గురించి అదే ప్రశ్న వేస్తే మాత్రం మన దగ్గర లెక్కపెట్టడానికి ఏమీ లేదు.